రేడియేటరు మీద చెయ్యి

లారీ యజమానుల్లారా, మీకే ఈ మాట, తల తిప్పుకోకండి. మనిషి చేతిని మీటరుగా వాడుకున్నది మీరు. అది కాలి కాలి మొద్దుబారిపోతే అరిగిపోయిన సామానులాగా విప్పి పారేసిందీ మీరే. మేమెవర్నీ కాల్చలేదు, రేడియేటరు కాల్చింది అంటారు. ఆ రేడియేటరు ఎవడిది? యుద్ధం నాటి బండికి ఉప్పు బస్తాలెత్తి సాలూరు ఘాటీ ఎక్కమన్నదెవడు? డాష్‌బోర్డులో వేడి మీటరు ఉండాల్సిన కన్నంలో గుడ్డపేలిక కుక్కి నడిపించిందెవడు? నరసన్నపేటలో ఉప్పు గొడౌను ముందు నిలబడి ఈ మాట అడిగితే బండి యజమాని సావుకారు జగన్నాధం నవ్వుతాడు. నవ్వుకోనీ. జరిగింది ఇది.

ఎండ నడినెత్తికొచ్చేసరికి బండి సాలూరు దాటి ఘాటీ కిందికి చేరింది. డ్రైవరు అప్పలసూరి కింది గేరులోకి మార్చాడు. క్లీనరు గంగులు అప్పటికే లోపలి సీటు వదిలి తన జాగాలోకి పోయాడు. ఘాటీలో క్లీనరు జాగా బండి ముందర, బయట. ఒక కాలు బంపరు మీద, ఇంకో కాలు మడ్డుగార్డు మీద. ఎడం చెయ్యి బోనెట్టు కడ్డీకి. కుడి అరచెయ్యి రేడియేటరు నెత్తిన. అలా ఆనించి "తల్లీ పైడితల్లీ, ఈ కొండ దాటించు తల్లీ" అని మాట పూర్తిగా అనాలి. మాట పూర్తయ్యేదాకా చెయ్యి నిలిస్తే బండి పోవచ్చు. మధ్యలో చెయ్యి లేచిపోతే ఆపాలి. ఆ దారిలో మీటరు చచ్చిన బండ్లన్నిటికీ ఇదే పద్ధతి. భక్తి అనుకునేరు. యజమానికి మీటరు కొనే పని తప్పించే మంత్రం అది.

ఆపడం కూడా ఒక్కడి పని కాదు. డ్రైవరు బ్రేకు తొక్కిపట్టి ఉంచుతాడు. క్లీనరు దూకి వెనక చక్రం కింద చెక్క పెట్టి "పడింది!" అని అరుస్తాడు. అప్పుడు గాని డ్రైవరు పాదం లేవదు. హ్యాండుబ్రేకు కర్ర ఒకటి ఉంది. దాని మీద అప్పలసూరి తువ్వాలు ఆరేసుకుంటాడు. అంతకుమించి అది ఎందుకూ పనికిరాదు.

"ఏటి బావా, ఎలాగున్నాది?" స్టీరింగు మీదికి వంగి అరిచాడు అప్పలసూరి.

"సల్లగున్నాది! లాగీ!"

మలుపు తిరిగింది. ఇంకో మలుపు. రంగు కాలుతున్న వాసన లోపలికి కొట్టింది.

"సరిగ్గా సూడు!"

"సూస్తన్నాను గదేటి! నీ పెళ్ళాం సెయ్యి కన్నా సల్లగున్నాది. లాగీ బావా!"

అప్పలసూరికి నవ్వు రాలేదు. ఇంజను లోపల టకటకమని కొత్త చప్పుడు మొదలైంది. బ్రేకు తొక్కాడు. గంగులు దూకాడు, చెక్క పెట్టాడు, "పడింది!" అన్నాడు. నీళ్ళ డబ్బా తాడు విప్పి తెచ్చుకున్నాడు. గోనెగుడ్డ కూడా పట్టుకోకుండా రేడియేటరు మూత తిప్పాడు. చల్లగా ఉందని వాడి చెయ్యి వాడికి చెప్పింది మరి.

మూత ఎగిరిపోయింది. మరిగిన నీళ్ళు నిలువునా లేచి వాడి మీద పడ్డాయి.

అప్పలసూరి దిగి పరుగెత్తేసరికి గంగులు రోడ్డు మీద కూలబడి ఉన్నాడు. మెడ పక్కనుంచి భుజం మీదుగా మోచేతి కిందిదాకా తోలు ఊడి వేలాడుతోంది. నోరు తెరుచుకునే ఉంది, కేక రావడం లేదు. అప్పలసూరి వాడి చొక్కా చింపేసి డబ్బాలో నీళ్ళు కొంచెం కొంచెంగా పోశాడు. పోస్తూ వాడి అరచెయ్యి తిప్పి చూశాడు. చెయ్యంతా ఎర్రగా ఉడికింది గాని అరచెయ్యి మాత్రం పచ్చగా, మడమలాగా గట్టిగా ఉంది. అప్పలసూరి నోట్లో బీడీ నిప్పు రాలి సరిగ్గా ఆ అరచేతిలో పడింది. గంగులు దులుపుకోలేదు. అటు చూడనుకూడా లేదు.

అప్పలసూరే ఆ నిప్పును తుడిచాడు.

"ఎన్నాళ్ళనుంచిరా ఇది?"

గంగులు పళ్ళు బిగబట్టి కళ్ళు మూసుకున్నాడు. "సెప్తే సావుకారు దింపేస్తాడు బావా. సెప్పకు. నీ కాళ్ళు మొక్కుతాను, సెప్పకు."

దిగుతున్న లారీ ఒకటి వాణ్ణి ఎక్కించుకుని సాలూరు తీసుకుపోయింది. అప్పలసూరి ఎదురుచూసి, ఇంజను చల్లారాక, ఇంకో బండి క్లీనర్ని బతిమాలి నీళ్ళు పోయించుకుని, చెక్క తీయించుకుని, ఉప్పు దింపడానికి కొండెక్కాడు. ఉప్పు ఆగకూడదు కదా.

తిరిగొచ్చిన రోజు జగన్నాధం గొడౌను అరుగు మీద కూర్చుని విసురుకుంటున్నాడు.

"ఇంజనుకేటైనా అయిందేటి?" అదీ మొదటి మాట.

"ఇంజనుకేటీ అవనేదు బాబూ. గంగులు కాలిపోనాడు."

"విన్నాను, పాపం. ఆడికి మొదట్నించీ తొందరెక్కువ. గోనెగుడ్డ ఎట్టుకోవద్దూ?"

అప్పలసూరి దారంతా కూడగట్టుకొచ్చిన మాట చెప్పాడు. బండికి వేడి మీటరు పెట్టాలి. విశాఖపట్నంలో మిలట్రీ పాత సామాన్ల కొట్లో దొరుకుతుంది. శ్రీకాకుళంలో మెకానిక్కు కృపానిధి బిగిస్తాడు.

"ఇన్నేళ్ళూ మీటరు లేకుండా బండి పోనేదేటి? ఇప్పుడే ఎందుకొచ్చిందీ బుద్ధి? కొండల్లో ఎర్రజెండా సంఘాలోళ్ళ మాటలు ఒంటబట్టినాయేటి నీకు?"

అప్పలసూరి చేతులు కట్టుకుని నిలబడ్డాడు గాని గొంతు అదుపులో లేదు. "ఆడి సెయ్యికి వేడి తెలవడం మానేసింది బాబూ! అరసెయ్యి సచ్చిపోనాది. నిప్పు పడినా తెలవడం నేదు. ఇంకోమాటు ఇలాగైతే మనిషీ పోతాడు, ఇంజనూ పోతాది."

జగన్నాధం విసనకర్ర ఆపాడు.

"ఆడి సెయ్యికి తెలవడం నేదా?"

"నేదు బాబూ."

"మీటరుకి తెలుస్తాదా?"

"తెలవకపోతే మీటరెందుకు బాబూ!"

"అయితే పెట్టించీ."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని అప్పలసూరి అనుకోలేదు. ఆ సంతోషంలో సావుకారు అడిగిన రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. చెప్పొద్దన్న మాట చెప్పేశానన్న సంగతి వీధిలోకి వచ్చాక తట్టింది. వాడి మంచికే గదా అనుకున్నాడు.

కృపానిధి షెడ్డు నాగావళి వంతెనకి ఇవతల. నాలుగు రేకులు, సామాను బిగబట్టే వైసు బల్ల, మసి పట్టిన మిషను చర్చి క్యాలెండరు. అతను మీటరును కాగితం విప్పి బల్ల మీద పెట్టాడు. నల్లటి మొహం, మధ్యలో తెల్ల ముల్లు. వీపునుంచి పురికొసంత రాగి గొట్టం చుట్టలు చుట్టుకుని ఉంది. గొట్టం చివర చూపుడువేలంత ఇత్తడి బుడ్డి.

"ఈ బుడ్డి ఇంజను నీళ్ళలో ఉంటాది," అన్నాడు కృపానిధి. "లోపలున్న మందు వేడికి ఉబ్బి, ఆ ఉబ్బు గొట్టంలోంచి వచ్చి ముల్లును తోస్తాది. గొట్టం తెగిందా, పోనాది. దీనికి అతుకు నేదు. నడిసే కాలు ఎవుడిదైనా దీని మీద పడితే ఆ కాలు ఇరగ్గొడతాను."

ముందు అది బతికుందో లేదో చూడాలి. కృపానిధి పక్క టీ బడ్డీకి పోయి మరుగుతున్న గిన్నెలో బుడ్డి ముంచబోయాడు. బడ్డీ నడిపే తాయారు గరిటెతో అతని చెయ్యి మీద కొట్టింది.

"నా టీలో నీ ఇత్తడేటయ్యా! ఆదివారం గుళ్ళో ఇలాగే సెప్తారేటి మీకు?"

"ఆ టీ కన్నా ఇది రుసిగా ఉంటాదే అప్పా."

తిట్టుకుంటూనే ఇంకో గిన్నెలో వట్టి నీళ్ళు మరిగించి ఇచ్చింది. బుడ్డి మునిగింది. ముల్లు కొంచెం ఆలోచించినట్టు ఆగి, కదిలి, నీళ్ళు మరిగే అంకె దగ్గరికి పోయి నిలబడింది. కృపానిధి అగ్గిపుల్ల ఎర్ర రంగులో ముంచి, ఆ అంకెకి కాస్త కిందుగా అద్దం మీద గీత గీశాడు.

"ఇక్కడికొస్తే ఆపాలి. వాదనేటీ పెట్టుకోకూడదు."

రేడియేటరు కింద కుళాయి విప్పితే తుప్పు నీళ్ళు చాలాసేపు కారాయి. ఇంజను తలకాయకి పక్కనున్న బిరడా కదల్లేదు. కిరసనాయిలు పోసి, బీడీ తాగి, సుత్తితో చుట్టూ తట్టి, పానాకి ఇనప గొట్టం తొడిగి ఇద్దరూ వేలాడితే కీచుమని లొంగింది. ఆ కన్నం మరలు గుడ్డతో తుడిచాడు. నీళ్ళు కారకుండా నూలుపోగు సఫేదా ముద్దలో తడిపి ఇత్తడి నట్టుకి చుట్టాడు. చేత్తో ఎక్కినంత ఎక్కించి, ఆఖర్న పానాతో ఒక్క బిగువు బిగించి ఆగిపోయాడు. ఇంజనుకీ డ్రైవరు కాళ్ళకీ మధ్యనున్న రేకులో బర్మాతో కన్నం వేశాడు. రేకు అంచు గొట్టాన్ని కోసెయ్యకుండా సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి కన్నానికి తొడిగాడు.

అప్పుడొచ్చాడు గంగులు, ఊళ్ళో ఆసుపత్రిలో కట్టు మార్పించుకుని, భార్య దాలమ్మ వెంట. కుడిచెయ్యి మెడలోంచి వేలాడగట్టి ఉంది. మెడంతా నీలంమందు.

"ఓర్నాయనో, పెళ్ళికొడుకొచ్చాడు," అన్నాడు కృపానిధి. "ఆ ఎడం సెయ్యి కాలీగా ఉందా? లోపలికెళ్ళి గొట్టం అందుకో. లాగకు. నేనంపుతాను, నువ్వు తీసుకో."

గంగులు క్యాబినులో బోర్లా పడుకుని కన్నంలోంచి వస్తున్న గొట్టాన్ని ఎడంచేత్తో పట్టుకున్నాడు. పామును పట్టుకున్నంత జాగ్రత్త. పొగ గొట్టానికి దూరంగా తప్పించి, మిగిలిన పొడుగు చుట్టలు చుట్టి డాష్‌బోర్డు కింద కట్టారు. కన్నంలోని పేలిక పీకేశారు. కన్నం ఇరుకైతే అప్పలసూరి ఆకురాయితో రాశాడు. మీటరు కూర్చుంది.

నీళ్ళు పోసి ఇంజను తిప్పారు. నలుగురూ క్యాబినులోకి తలలు దూర్చారు. ముల్లు లేచింది.

"ఇంక నాను లోపలే కూకుంటాను," అన్నాడు గంగులు. "అంకెలు తెలవకపోతే ఏటి, ఎర్రగీత తెలుస్తాది గదా. అదిగో వచ్చీసింది బావా, ఆపీ, అంటాను. దూకి సెక్క ఎడతాను. వాన కొట్టినా తడవను."

అలవాటుగా కిందికి దిగి ఎడం అరచెయ్యి రేడియేటరు మీద పెట్టబోతే దాలమ్మ దాని మీద ఛెళ్ళున కొట్టింది. "ఉన్న ఆ ఒక్కటీ తగలబెట్టుకుంటావేటి?" తర్వాత అప్పలసూరి వైపు తిరిగింది. "అన్నయ్యా, నీ పున్నెమా అని ఈ సెయ్యైనా మిగిలింది."

అప్పలసూరి ఆకురాయి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

మర్నాడు గొడౌను ముందు కళాసీలు బస్తాలెత్తుతుండగా జగన్నాధం ఫుట్‌బోర్డు ఎక్కి మీటరును చూశాడు. గోటితో అద్దం మీద కొట్టాడు.

"ఈ గీత దాటకపోతే సాలు గదా?"

"దాటితే ఆపాలి బాబూ."

"బాగున్నాది. మరింక గంగులెందుకు?"

తిట్టలేదు, గొంతు పెంచలేదు. చొక్కా గుండీ ఊడిందన్నట్టే అన్నాడు.

"అదేటి బాబూ?"

"ఆడి సెయ్యి పాడైందని నువ్వే సెప్పావు. ఆ పనికి మీటరెట్టమన్నదీ నువ్వే. ఎట్టించాను. ఒక పనికి ఇద్దరెందుకు?"

"సెక్కెవుడెడతాడు బాబూ?"

"మీటరు ముందే సెప్తాది గదా. సదునున్న సోట ఆపుకో." దిగుతూ కళాసీలకి కేకేశాడు. "ఆ పక్క సీటు మీద రెండు బస్తాలు పడతాయి, వెయ్యండి."

గంగులు మూట పట్టుకుని బండి పక్కనే ఉన్నాడు. ఆ బస్తాలు తన సీటు మీద కూర్చోవడం చూశాడు. సావుకారుని ఏమీ అడగలేదు. అప్పలసూరి దగ్గరికొచ్చాడు.

"సెప్పీసినావా బావా?"

అప్పలసూరి సీటెక్కి బండి తాళం తిప్పాడు.

"సెక్క బస్తాల కిందుంది. కుడి సెక్రానికే వెయ్యి. ఘాటీలో ఎడం పక్క నేల గుల్ల," అని చెప్పి గంగులు రోడ్డు దాటి అవతలికి పోయాడు.

ఆ క్షణంలో అప్పలసూరి తాళం తీసి మట్టిలో పారెయ్యాల్సింది. పారెయ్యలేదు. ఇంజను తిరుగుతోంది, కళాసీలు చూస్తున్నారు, సావుకారు చూస్తున్నాడు. అప్పలసూరి గేరు వేశాడు.

ఘాటీ మొదలైంది. ముందర బంపరు మీద ఎవరూ లేరు. దారి నిండుగా కనిపిస్తోంది. పక్క సీటు మీద ఉప్పు బస్తాలు కుదుపుకి ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. అప్పలసూరి కన్ను దారి మీదికి, ముల్లు మీదికి. మొదటి మలుపు దాటాక ముల్లు సగం దాటింది. కొండచరియ నీడ తగిలినచోట కాస్త తగ్గింది. ఎండలోకి రాగానే మళ్ళీ లేచింది. మీటరు అబద్ధమాడలేదు. కృపానిధి పని శుభ్రంగా ఉంది.

"తల్లీ పైడితల్లీ," అన్నాడు అప్పలసూరి, ఎవరూ లేకపోయినా. మిగతా మాట రాలేదు.

ముల్లు ఎర్రగీత ముట్టుకుంది. చదునున్న చోటు కోసం చూశాడు. ఎడం పక్క లోయ, కుడి పక్క రాయి, ముందు ఎక్కుడే. ఇంకో మలుపు తిప్పాడు. అక్కడా ఎక్కుడే. గీత దాటింది. మూత దగ్గర ఆవిరి చిమ్మడం కనిపించింది. ఇంజను దగ్గి, రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది.

బ్రేకు తొక్కాడు. బండి నిలబడింది.

ఇప్పుడు నీళ్ళు పొయ్యాలి. నీళ్ళ డబ్బా వెనక తాడుకి ఉంది. చెక్క పెట్టాలి. చెక్క బస్తాల కింద ఉంది. రెండూ కావాలంటే దిగాలి. దిగాలంటే పాదం తియ్యాలి. పాదం తీస్తే ఉప్పూ, బండీ, తనూ లోయలోకి. గేరులో వదిలేద్దామంటే ఆ ముసలి ఇంజనుకి బండిని పట్టుకునే బిగువు లేదు.

హారను కొట్టాడు. కొండ తిరిగి అదే చప్పుడు వినిపించింది. రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, నడుం సీటుకి ఆనించి, కాలు నిలువుగా బిగించాడు. కాసేపటికి పిక్క వణకడం మొదలైంది. వణుకు తొడలోకి పాకింది. పాదం ఒక్క రవ్వ సడలినప్పుడల్లా బండి అంగుళం వెనక్కి జారి ఆగేది. ముల్లు ఎదురుగా నిలబడి చూస్తోంది. ఎంత వేడో దానికి తెలుసు, అప్పలసూరికీ తెలుసు. తెలిసి ఏం చేస్తాడు?

కాలికి ప్రాణం లేదనుకునే వేళకి పైనుంచి ఒక లారీ దిగింది. దాని క్లీనరు బండి ఆగకముందే దూకి, కనిపించిన పెద్ద బండరాయి దొర్లించుకొచ్చి చక్రం వెనక తోశాడు.

"పడింది!"

అప్పలసూరి పాదం తియ్యడానికి ప్రయత్నించాడు. అది రాలేదు. చేతులతో ఎత్తి పక్కన పెట్టుకున్నాడు.

ఆ క్లీనరు ముందరికొచ్చి అరచెయ్యి రేడియేటరు మీదికి తీసుకుపోయాడు. ఆవిరి కనిపిస్తున్నా అలవాటు ఆగదు.

"తియ్యి!" అని అరిచాడు అప్పలసూరి. "మీటరున్నాది!"

అతను తల దూర్చి మీటరును, తర్వాత పక్క సీటు మీద బస్తాలను చూశాడు. "నీ క్లీనరేడన్నా?"

"దింపీసినారు."

అతను తల బయటికి తీసుకున్నాడు. తన అరచెయ్యి ఒకసారి లుంగీకి రాసుకున్నాడు. అదీ పచ్చగానే ఉంది.

బండి తిరిగొచ్చిన సాయంత్రం అప్పలసూరి తాళం తీసుకెళ్ళి గొడౌను అరుగు మీద పెట్టాడు. "గంగులెక్కితే నానెక్కుతాను బాబూ."

"మీటరు పనిసేసిందా?"

"సేసింది."

"మరింకేటి నీ బాధ?"

బాధేమిటో అప్పలసూరి చెప్పాడు. కొండ గురించీ, కాలు గురించీ. జగన్నాధం విసురుకుంటూ చివరిదాకా విన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆ తాళం ఇంకో డ్రైవరు చేతిలో ఉంది. పనిలేక తిరుగుతున్న మనిషి, అప్పలసూరి మొహం చూడలేక వేగంగా ఎక్కేశాడు. అప్పలసూరి కిటికీ పట్టుకుని పరుగెత్తాడు. "సెక్క పెట్టేవోడు నేకుండా ఎల్లకయ్యా! ఆగయ్యా!" అతను ఆగలేదు. కిటికీలోంచి పక్క సీటు కనిపించింది. బస్తాలే.

రోడ్డుకి అవతల గంగులు నిలబడి చూస్తున్నాడు. అప్పలసూరి దాటి వెళ్ళి పక్కన నిలబడ్డాడు. గంగులు అతనితో మాట్లాడలేదు. పక్కకి జరగనూ లేదు.

డ్రైవర్లారా, క్లీనర్లారా, ఇంతవరకు చదివినవాళ్ళంతా వినండి. తాళం చేతికిచ్చినప్పుడు ముందు పక్క సీటు చూడండి. అక్కడ మనిషి లేకపోతే తాళం పుచ్చుకోకండి. ఒకడు పుచ్చుకోకపోతే ఇంకొకడు పుచ్చుకుంటాడు కాబట్టి ఒక్కడుగా కాదు, అందరూ కలిసి ఒకే రోజు అరుగుల మీద తాళాలు పెట్టండి. గంగుల్ని బండెక్కించాలి. ఆ చెయ్యి మానేదాకా కూలి ఇవ్వాలి. హ్యాండుబ్రేకు బాగుచెయ్యాలి. మీటరూ ఉండాలి, దాని మాట విని చెక్క పెట్టే మనిషీ ఉండాలి. అడగడం కాదు, ఇవి జరిగేదాకా ఒక్క చక్రం కదలకూడదు.

పొద్దున వెళ్ళిన బండి ఇంకా ఘాటీ చేరి ఉండదు. సాలూరులో ఉన్నవాళ్ళు ఎవరైనా సరే, రోడ్డుకి అడ్డంగా నిలబడి దాన్ని ఆపండి.